తాలు కాని బూజు

గత నెల ఆముదం గెలలకు వచ్చే బూజు తెగులు గురించి రాస్తూ ఒక మాట అన్నాను. ఈ తెగులుకు దగ్గరి చుట్టమైన శిలీంధ్రమే ఫ్రాన్స్‌లో శాటో డికెమ్ అనే ద్రాక్షతోటకు ప్రాణమని, ఆ బూజు పట్టిన కాయతోనే అక్కడ పేరెన్నికగన్న తీపి వైన్ చేస్తారని. ఆముదం కంటే ఈ మాట మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి, పరకాల నుంచి మంచిర్యాల దాకా. అందుకే ఈ నెల శీర్షికంతా ఆ తోటకే ఇస్తున్నాను. హన్మకొండలో ముప్పై ఏళ్లు మొక్కల తెగుళ్ల శాస్త్రం బోధించాను. తరగతిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మీరు రాసింది మా అబ్బాయికి చూపిస్తే, నిజమే నాన్నా, మా హోటల్ కోర్సులో కూడా చెప్పారు అన్నాడు. నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. సంక్రాంతి ముందు కల్లంలో ఆరబోసిన తేజ కాయ అకాల వానకు తడిసి బూజు పట్టింది. నాలుగు బస్తాలు తాలు కింద పోయాయి. బూజు బూజే కదా! మాది తాలు, వాళ్లది బంగారం ఎలా అయింది?
— ఒక మిర్చి రైతు, నర్సంపేట

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజం. మీ బాధ కూడా నాకు తెలిసిన బాధే. మా నాన్న మిర్చి రైతు. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక ఫిబ్రవరిలో వరుసగా రెండు రాత్రులు వాన కురిసింది. కాయ మీద కప్పడానికి పరదాలు చాలక దుప్పట్లు, అమ్మ చీరలు కూడా కప్పాం. నాలుగో రోజు కాయ విరిస్తే కడుపులో బూడిద రంగు బూజు. మార్కెట్‌లో అడ్తిదారు ఒక్క కాయ విరిచి చూసి మొత్తం సరుకును తాలు లెక్క కట్టాడు. అందులో ఉన్న మంచి కాయ కూడా తాలు ధరకే పోయింది. ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు. నేను తెగుళ్ల శాస్త్రం చదవడానికి ఆ రాత్రే కారణం.

ఇక మీ ప్రశ్న. బూజులన్నీ ఒకటి కావు. మీ కల్లంలో పట్టింది చనిపోయిన కాయ మీద, ఎండి మళ్లీ తడిసిన కాయ మీద పెరిగే బూజు. డికెమ్ తోటలోది బతికి ఉన్న పండు మీద, తీగ మీద ఉండగానే పట్టే బూజు. దాని పేరు బోట్రైటిస్ సినెరియా. మన ఆముదం బూజును కూడా చాలాకాలం బోట్రైటిస్ అనే పిలిచారు, తర్వాతే పేరు మార్చారు. ముసురు పట్టినప్పుడు ఆముదం గెల మీద దూది పింజల్లా బూడిద రంగు అల్లుకుపోవడం మీరు చూసే ఉంటారు. ద్రాక్ష మీద కూడా ముసురు ఆగకపోతే ఇది అదే పని చేస్తుంది. గుత్తి మొత్తం కుళ్లి నీరుకారుతుంది. ఫ్రాన్స్ రైతులు దాన్ని బూడిద కుళ్లు అంటారు, మనలాగే తల పట్టుకుంటారు.

అదే శిలీంధ్రానికి పొద్దున తేమ, మధ్యాహ్నం ఎండ, రోజు విడిచి రోజు కాకుండా వారాల తరబడి దొరికితే కథ మారిపోతుంది. శిలీంధ్రం తన సన్నని పోగులతో మాగిన పండు తొక్కకు కంటికి కనపడని రంధ్రాలు చేస్తుంది. రసం కారిపోదు కానీ లోపలి నీరు ఆ రంధ్రాల గుండా ఆవిరైపోతుంది. పండు గోధుమ రంగుకు తిరిగి, ముడతలు పడి, చిన్నదై, తీగ మీదనే ఎండు ద్రాక్షలా తయారవుతుంది. తీపి, పులుపు, వాసన చిక్కబడతాయి. శిలీంధ్రం తన వంతుగా కొంత పులుపును, కొంత చక్కెరను తినేసి, గ్లిజరాల్‌ను, కొత్త సువాసనలను మిగిల్చి పోతుంది. ఈ స్థితికి వచ్చిన పండును అక్కడివాళ్లు వేగిన పండు అంటారు. చూడటానికి అసహ్యంగా ఉంటుంది. నా విద్యార్థులకు ఫోటో చూపిస్తే తెగులు పేరు చెప్పి మందు మోతాదు కూడా చెప్పేవారు!

ఆ పొద్దుటి తేమ ఎక్కడి నుంచి వస్తుందన్నదే ఆ ఊరి అదృష్టం. బోర్డో నగరానికి ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సోటెర్న్ అనే ప్రాంతం ఉంది. అక్కడ సిరోన్ అనే చిన్న ఏరు అడవి నీడలో ప్రవహించి, చల్లని నీళ్లతో వచ్చి గారోన్ అనే పెద్ద నదిలో కలుస్తుంది. గారోన్ నీళ్లు అంతకంటే వెచ్చన. శరదృతువులో ఈ రెండూ కలిసే చోట పొగమంచు లేచి తోటల మీదికి వస్తుంది. పొద్దెక్కాక ఎండ, గాలి ఆ తేమను ఆర్పేస్తాయి. డికెమ్ తోట గుట్ట మీద ఉంది కాబట్టి గాలి బాగా తగులుతుంది. అడుగున బంకమన్ను ఉండటంతో నీరు నిలవకుండా 19వ శతాబ్దం నుంచి నేల కింద గొట్టాలు వేస్తూ వచ్చారు, అన్నీ కలిపితే సుమారు 100 కిలోమీటర్లు. పాకాల, రామప్ప చెరువుల నీడన పెరిగిన మనకు నీళ్లను నిలపడం విద్య. అక్కడ నీళ్లను బయటికి పంపడం విద్య.

ఇప్పుడు ఏరివేత దగ్గరికి వద్దాం. ఇది మీకు నాకంటే బాగా అర్థమవుతుంది. మిర్చిని మనం ఒకేసారి దులపం కదా, పండిన కాయను మొదటి కోతలో, తర్వాత పండినదాన్ని రెండో కోతలో, అలా నాలుగైదు సార్లు తీస్తాం. డికెమ్‌లో సుమారు 250 ఎకరాల తోటను అలాగే మళ్లీ మళ్లీ తిరుగుతారు, మామూలుగా ఐదారు సార్లు. సెప్టెంబరులో మొదలై నవంబరు దాకా, కొన్నేళ్లు డిసెంబరు దాకా పోతుంది. గుత్తులు కోయరు. గుత్తిలో వేగిన పండ్లను మాత్రమే ఒక్కొక్కటిగా ఏరుకుని, మిగతావాటిని తీగకే వదిలేసి వస్తారు. ఇలాంటి చోట కూలీ చేతికి కన్నూ ముక్కూ రెండూ ఉండాలి. మంచి బూజుకు, చెడ్డ బూజుకు తేడా అక్కడికక్కడే కనిపెట్టాలి. తూకం మీద కూలి కడితే ఈ పని ఒక్క రోజులో పాడైపోతుందని నా అభిప్రాయం.

ఇంత చేస్తే మిగిలేది ఎంత? ఒక తీగకు ఒక గ్లాసు వైన్. ఏడాది మొత్తానికి అంతే. ఎకరాకు లెక్క కడితే 360 లీటర్లు మించదు. మన గీత కార్మికుడు తాడి ఎక్కి ఒక్క పొద్దులో దించే లొట్టిని తలచుకోండి.

ఒక హెచ్చరిక. ఇది చదివి బూజు పట్టిన మిర్చిని, పల్లిని, మక్కను ఎవరూ ఇంట్లో వాడవద్దు. వాటి మీద పెరిగే ఆస్పర్జిల్లస్ జాతి బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది కాలేయానికి హాని చేస్తుంది, క్యాన్సర్‌కు దారి తీస్తుంది. వండినా, వేయించినా పూర్తిగా పోదు. ఎండు మిర్చిలో మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే యూరప్ దేశాలు సరుకును రానివ్వవు. మీ నాలుగు బస్తాల నష్టం నాకు బాధ కలిగిస్తోంది. అయినా వాటిని మంచి కాయలో కలపకండి.

ప్రశ్న: మేడమ్ గారూ, ఆ తోటను ఒక స్త్రీ నడిపిందని మీరు పోయిన నెల ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. ఆమె ఎవరు? మా పాఠశాల పిల్లలకు చెప్పాలని ఉంది.
— ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు, జగిత్యాల

జవాబు: అడిగినందుకు ఎంతో సంతోషం. ఆమె గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

మధ్యయుగాల్లో ఆ ప్రాంతమంతా ఇంగ్లండ్ రాజుల చేతిలో ఉండేది. 1453లో ఫ్రాన్స్ రాజు వశమైంది. 1593లో జాక్ సొవాజ్ అనే స్థానిక ప్రముఖుడికి డికెమ్ మీద హక్కు దక్కింది. అప్పటికి మన చార్మినార్ వయసు రెండేళ్లు. 1711లో ఆ కుటుంబం తోటను పూర్తిగా సొంతం చేసుకుంది. ఆ వంశంలో పుట్టిన ఆడపిల్ల ఫ్రాన్స్వాజ్ జోసెఫీన్. 1785లో, పదిహేడేళ్ల వయసులో, లూయీ అమెదే ద లూర్ సాల్యూస్ అనే సైనికాధికారితో ఆమెకు పెళ్లయింది. మూడేళ్లకే, 1788లో, గుర్రం మీద నుంచి పడి ఆయన చనిపోయాడు. ఇరవై ఏళ్లకే వితంతువు. చేతిలో చిన్న పిల్లలు, మరుసటి ఏడే ఫ్రెంచ్ విప్లవం.

పిల్లలకు ఇక్కడ ఒక సంగతి తప్పకుండా చెప్పండి. అమెరికా మూడో అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ అంతకుముందు ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారిగా పనిచేశాడు. 1787లో బోర్డో ప్రాంతం చుట్టి వచ్చి, 1784 నాటి డికెమ్ వైన్ 250 సీసాలు కావాలని నేరుగా తోటకే ఉత్తరం రాశాడు. దానికి జవాబు పంపింది జోసెఫీన్ భర్త. తర్వాత 1790లో జెఫర్సన్ మళ్లీ రాశాడు. ఈసారి తనకు 10 డజన్లు, అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్‌కు 30 డజన్లు. అప్పటికి భర్త లేడు. తోట ఆ ఇరవై రెండేళ్ల అమ్మాయి చేతిలో ఉంది. చుట్టూ జమీందారుల భవనాలు తగలబడుతున్న రోజులవి!

విప్లవ కాలంలో ఆమెను రెండుసార్లు జైల్లో పెట్టారు. రెండుసార్లూ బయటికి వచ్చింది. తోటను ముక్కలు కానివ్వలేదు. తోట పనులు చూసే నమ్మకస్తుణ్ని తోడు పెట్టుకుని, బూజు పట్టిన పండును విడతలు విడతలుగా ఏరే పద్ధతిని పట్టుదలగా సాగించింది. 1826లో పీపాలు నిల్వ ఉంచడానికి తోటలోనే గిడ్డంగి కట్టించింది. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు. సరుకు తన ఇంట్లో ఉంటే, ఎప్పుడు అమ్మాలో నిర్ణయించేది తానే అవుతుంది. కోల్డ్ స్టోరేజీలు వచ్చాక మన మిర్చి రైతుకు ఆ కాస్త ఊపిరి దొరికిందంటే, ఆమె అంత ముందుగా ఎందుకు ఖర్చు పెట్టిందో అర్థమవుతుంది. 1851లో, ఎనభై మూడేళ్ల నిండు వయసులో కన్నుమూసింది.

ఆమె పోయిన నాలుగేళ్లకు, 1855లో, పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం బోర్డో వర్తకులు వైన్‌ల స్థాయిని నిర్ణయించారు. ఎర్ర వైన్‌లలో నాలుగు తోటలకు మొదటి స్థానం దక్కింది. తీపి తెల్ల వైన్‌ల జాబితాలో మాత్రం మొదటి స్థానానికి కూడా పైన ఒక ప్రత్యేక స్థానం పెట్టి, దాన్ని డికెమ్ ఒక్కదానికే ఇచ్చారు. నేటికీ ఆ స్థానంలో మరొక తోట లేదు. 1859లో రష్యా చక్రవర్తి తమ్ముడు కాన్‌స్టాంటిన్, 1847 నాటి డికెమ్ 900 లీటర్ల పీపాకు 20,000 బంగారు ఫ్రాంకులు చెల్లించాడు. ఆ 1847 పంట జోసెఫీన్ బతికి ఉండగా పండిందే.

ఒక కట్టుకథ గురించి కూడా చెప్పాలి. 1847లో తోట యజమాని రష్యా ప్రయాణం నుంచి ఆలస్యంగా వచ్చాడని, ఈలోగా పండు బూజు పట్టిందని, పారేయలేక వైన్ చేస్తే అద్భుతంగా కుదిరిందని, బూజు మహిమ అలా బయటపడిందని చెప్పుకుంటారు. నేను నమ్మను. అరవై ఏళ్ల ముందే జెఫర్సన్ ఆ వైన్ కోసం ఉత్తరాలు రాశాడు. ఒక స్త్రీ దశాబ్దాల పాటు పట్టి పట్టి చేయించిన పనిని, ఒక మగవాడి ప్రయాణం ఆలస్యమైనందుకు జరిగిన అదృష్టంగా చెబితే నాకు కోపం వస్తుంది. పిల్లలకు ఆ కథ చెప్పినా, ఇది కట్టుకథ అని చెప్పి చెప్పండి.

తర్వాతి చరిత్ర క్లుప్తంగా. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ భవనం సైనికుల ఆసుపత్రి అయింది. 1959లో ఇగ్రెక్ అనే తీపి లేని తెల్ల వైన్ కూడా మొదలుపెట్టారు. కుటుంబ సభ్యులు కొందరు వాటాలు అమ్మేయడంతో, కొన్నేళ్ల వివాదం తర్వాత, 1999లో తోట ఎల్‌వీఎంహెచ్ అనే విలాస వస్తువుల సంస్థ చేతికి వెళ్లింది. నాలుగు వందల ఏళ్ల వంశపాలన అలా ముగిసింది.

ప్రశ్న: బూజు పట్టిన పండు రసం వాసన ఎలా భరిస్తారు? మీరు రుచి చూశారా?
— ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: నాకు మద్యం అలవాటు లేదు. డికెమ్ సీసాను నేను చేత్తో పట్టుకోలేదు కూడా. కానీ ఫ్రాన్స్‌లో పరిశోధన చేసి వచ్చిన నా విద్యార్థి ఒకడు, అదే సోటెర్న్‌లోని మరో తోట వైన్ చిన్న సీసా తెచ్చి, వాసనైనా చూడండి మేడమ్ అని మా ఇంట్లో మూత తీశాడు. బూజు కంపు ఆవగింజంత లేదు. తేనె, నారింజ తొక్క, కుంకుమపువ్వు, అన్నిటికీ మించి ఎండు ఖుబానీ. హైదరాబాద్ పెళ్లి విందులో ఖుబానీ కా మీఠా గిన్నె మీద మూత తీసినప్పుడు వచ్చే వాసన గుర్తు తెచ్చుకోండి, దాదాపు అదే. లోపల నుంచి అమ్మ వచ్చి, మెంతులు ఎవరు వేయిస్తున్నారే అని అడిగింది. నేనూ నా విద్యార్థీ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఈ బూజు వైన్‌లలో ఉండే సోటొలోన్ అనే పదార్థమే మెంతులకు ఆ వాసన ఇస్తుంది. ఎనభై ఏళ్ల అమ్మ ముక్కు దాన్ని పక్క గదిలోంచి పట్టేసింది.

తీపి ఎందుకు మిగులుతుందో కూడా చెబుతాను. ఈ రసంలో చక్కెర ఎంత ఎక్కువంటే, ఈస్ట్ దాన్ని ఆల్కహాల్‌గా మారుస్తూ మారుస్తూ సుమారు 14 శాతం దగ్గర ఇక పనిచేయలేక ఆగిపోతుంది. లీటరుకు 120 గ్రాములకు పైగా చక్కెర అలాగే ఉండిపోతుంది. దానికి సరిపడా పులుపు ఉండటం వల్ల పాకంలా మొహం మొత్తదని తాగినవారు చెబుతారు. చక్కెర, పులుపు, ఆల్కహాల్ మూడూ కలిసి కాపాడటంతో మంచి ఏటి సీసా వందేళ్లు కూడా నిలుస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు లేత బంగారు రంగు, ముదిరేకొద్దీ బెల్లం పాకం రంగు. ఆకాశంలో పెద్ద తోకచుక్క కనిపించిన 1811 నాటి డికెమ్ సీసా ఒకటి 2011లో 75,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. కల్లు పొద్దుటిది సాయంత్రానికి పులిసిపోతుంది. దాని అందం దానిదే, పోల్చి తక్కువ చేయను.

ప్రశ్న: మన దగ్గర అలాంటి తోట వేయవచ్చా? నాకు ఆరు ఎకరాలు ఉంది.
— ఒక యువ రైతు, మంచిర్యాల

జవాబు: వేయవద్దు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ వంటి ద్రాక్ష ఒకప్పుడు ఎంతో పేరు తెచ్చుకుంది, అది తినే ద్రాక్ష. డికెమ్‌లో పెంచేవి సెమియోన్, సోవిన్యోన్ బ్లాంక్ అనే రకాలు, మొదటిదే ఎక్కువ పాలు. రకాన్ని తెచ్చుకోవచ్చు కానీ కాలాన్ని తెచ్చుకోలేం. మన ప్రాంతంలో అక్టోబరులో తీగ కత్తిరిస్తే పండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య మాగుతుంది. అప్పుడు పొడి ఎండ తప్ప పొగమంచు ఎక్కడిది? పండు మాగే వేళకు గోదావరి మీద మంచు లేచి, మధ్యాహ్నానికి విడిచి, అలా నెలన్నర సాగితేనే ఆ బూజు కుదురుతుంది. అది మన కాలచక్రంలో లేదు. ఆరు ఎకరాల్లో పసుపో, మామిడో, మీ నేల చూపించి నిర్ణయించుకోండి. మట్టి పరీక్ష ఫలితాలు పంపితే వచ్చే నెల వివరంగా రాస్తాను.

ప్రశ్న: అమ్మా, కాలం అనుకూలించని ఏడు ఆ తోటవాళ్లు ఏం చేస్తారు? వాళ్లకూ తాలు ఉంటుందా?
— ఒక పత్తి, మిర్చి రైతు, పరకాల

జవాబు: ఉంటుంది. 1910, 1915, 1930, 1951, 1952, 1964, 1972, 1974, 1992. ఈ తొమ్మిది ఏళ్లు గత శతాబ్దంలో డికెమ్ పేరుతో తీపి వైన్ రాలేదు. 2012లో మళ్లీ అదే జరిగింది. పండు ఏరారు, రసం తీశారు, ఆఖరికి ఇది మా పేరుకు తగదని ఆ డిసెంబరులో ప్రకటించారు. మంచి ఏళ్లలో కూడా స్థాయికి రాని పీపాలను పక్కన పెట్టేస్తారు. ఏడాది రాబడి వదులుకోగల స్తోమత వాళ్లకు ఉంది, ఇంత భూమి, ఇన్ని శతాబ్దాల పేరు, వెనుక పెద్ద సంస్థ ఉన్నాయి. అప్పు తెచ్చి సాగు చేసే పరకాల రైతును అలా చేయమని అడిగే హక్కు ఎవరికీ లేదు.

కానీ మీ ప్రశ్న చదవగానే మా నాన్న కళ్ల ముందు మెదిలాడు. పైన చెప్పిన ఆ వానల ఏడాది తర్వాత, ఆయన కాయను ఇంటి దగ్గరే మూడు కుప్పలుగా ఏరించడం మొదలుపెట్టాడు. ఎర్రటి కాయ ఒకటి, రంగు తగ్గినది ఒకటి, తాలు ఒకటి. సాయంత్రం కందిలి పెట్టుకుని అమ్మ, నేను, తమ్ముడు కూర్చునేవాళ్లం. చేతులు మండి రాత్రి నిద్ర పట్టేది కాదు. తాలును తాలు అని చెప్పే అమ్మేవాడు. మొదటి కుప్ప బస్తాల మీద మాత్రం నీలం రంగుతో తన పేరు మొదటి అక్షరం రాసేవాడు. రెండేళ్లకు అడ్తిదారులు ఆ అక్షరం చూసి, కాయ విరవకుండానే ధర చెప్పేవారు.